ఊర్లో ఉండుడా, హన్మకొండకు మారుడా?

నర్సంపేట, పరకాల దిక్కు ఊర్లలో పిల్లలు ఐదో తరగతి దాటంగనే ఇంటింటా ఇదే ముచ్చట.

ఖర్చు: ఊర్లో ఇల్లు సొంతం, బియ్యం పొలంవి. హన్మకొండలో కిరాయి నుంచి కొత్తిమీర దాకా అన్నీ కొనుడే.

రాబడి: ఊర్లో పత్తి, మిర్చి అమ్మినప్పుడే చేతికి పైసలు. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఆ రోజు ఏ ధర పలికితే అదే. సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం రైతు భరోసా ఏడాదికి ఎకరానికి 12,000 రూపాయలు. విత్తనాలకు, ఎరువులకు ఆసరా అయితది గానీ ఇల్లు గడవదు. కౌలుకు చేసేటోళ్లకు అదీ అందుతలేదు, అదే నాకు బాధ. పట్నంలో జీతం చిన్నదైనా నెలనెలా వస్తది.

నష్టభయం: 2021లో మిర్చి తోటలను నల్ల తామర పురుగు ముంచింది. పెట్టుబడి పోయింది, అప్పు మిగిలింది. పట్నంలో పని పోతే రెండు నెలల కిరాయి కట్టుడే కష్టం. అయినా ఆ దెబ్బ నుంచి తొందరగా తేరుకోవచ్చు.

దవాఖాన: వరంగల్ పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎం దగ్గరుండుడు పెద్ద ధైర్యం.

ఆడపిల్ల డిగ్రీ కోసమే అయితే మారకండి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడోళ్లకు టికెట్ పైసలు లేవు, రోజూ పోయి రావచ్చు.

సొంత భూమి, నీళ్లున్న బాయి, ముసలి తల్లిదండ్రులు ఉంటే ఊరే మేలు. కౌలు మీదనే బతికేటోళ్లు, అందులో చేతిపని వచ్చినోళ్లు, హన్మకొండకే పోండి. ఊర్లో ఇల్లు మాత్రం అమ్మకండి.