పాత అంబాసిడర్, ఆయిలు కారుడు: ఏ మరమ్మతు నిలిచింది, ఏది నిలవలేదు

పాత అంబాసిడర్ కొన్నవాళ్లకు ఊరూరా వినిపించే మాట ఒకటుంది: "ఈ బండికి ఆయిలు కారడం మామూలే సార్." ఈ మాటలో సగం నిజం, సగం బద్ధకం. నిజం ఎక్కడ ముగిసి బద్ధకం ఎక్కడ మొదలవుతుందో ఇన్నేళ్లు బండి నడిపాక నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

నా దగ్గరున్నది 1980లనాటి మార్క్ 4, పెట్రోలు బండి. ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ వంశానికి చెందిన 1489 సీసీది. నాలుగు సిలిండర్లు, క్రాంకు షాఫ్టుకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసుకు, మూడే మెయిన్ బేరింగులు. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయినా, అతుకుల మధ్య పెట్టే గ్యాస్కెట్ సెట్లు, ఆయిలు సీళ్లు విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే ఇప్పటికీ దొరుకుతున్నాయి. నాణ్యత మాత్రం కొట్టు కొట్టుకూ మారుతుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

యజమానిని ఎక్కువ ఖర్చులోకి దింపేది వెనకవైపు కారుడు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్యనున్న క్లచ్ హౌసింగు అడుగున చిన్న రంధ్రం, అందులో వదులుగా వేలాడే ఒక స్ప్లిట్ పిన్ను ఉంటాయి. లోపలికి చేరిన ఆయిలు నిలిచిపోయి క్లచ్ ప్లేటుకు అంటకుండా జారిపోవడానికి చేసిన ఏర్పాటు అది. ఆ పిన్ను చివర చుక్క కనిపించగానే తీర్పు వచ్చేస్తుంది: "వెనక సీలు పోయింది సార్, గేర్‌బాక్సు దించాలి." నా బండికీ ఇదే తీర్పు వచ్చింది. ఎందుకైనా మంచిదని, ఆటోనగర్‌లో అంబాసిడర్ల మధ్యే తల నెరిసిన ఒక పెద్ద మేస్త్రికి చూపించాను. ఆయన నవ్వి, "ఏ సీలు బాబూ? ఈ ఇంజనుకు వెనక సీలే లేదు కదా!" అన్నారు.

అది అక్షరాలా నిజం. క్రాంకు షాఫ్టు వెనక చివర రబ్బరు సీలు బదులు మరలాగా చుట్టు తిరిగిన గాడి చెక్కి ఉంటుంది. షాఫ్టు తిరుగుతుంటే ఆ గాడి, బయటికి రాబోయే ఆయిలును తిరిగి లోపలికి నెట్టి సంపులోకి, అంటే ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోకి, పంపుతుంది. షాఫ్టును తాకే భాగమేదీ లేదు కాబట్టి రాపిడి లేదు, మార్చాల్సిన వస్తువూ లేదు. చిక్కల్లా ఇది షాఫ్టు తిరుగుతున్నంతసేపే పనిచేస్తుంది. ఇంజను ఆపాక, ముఖ్యంగా బండి ముక్కు ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపితే, గాడిలో మిగిలిన ఆయిలు మెల్లగా జారుతుంది. సంపులో ఆయిలు డిప్‌స్టిక్కు పై గీత దాటి పోసినా అంతే. చదునైన చోట రాత్రంతా నిలిపాక రూపాయి బిళ్లంత మరక పడితే దాన్ని జబ్బుగా లెక్కించనక్కర్లేదు. మామూలే అన్న మాట అక్కడివరకే నిజం.

ఇంజను నడుస్తుండగా కూడా చుక్కలు రాలుతుంటే సంగతి వేరు. వెనక మెయిన్ బేరింగు అరిగి షాఫ్టు దిగజారి, గాడి చుట్టూ సందు ఒకపక్క పెరిగి ఉండవచ్చు. క్రాంకు షాఫ్టు తిరిగే గది, అంటే క్రాంకు కేసులో గాలి ఒత్తిడి పెరిగి ఆయిలును బయటికి తోస్తుండవచ్చు. ఆ ఆయిలు వెనక నుంచి రాకపోయీ ఉండవచ్చు. నా బండిలో ఎక్కువసార్లు తేలింది ఈ చివరిదే. బండి పరుగెడుతుంటే గాలి ముందు నుంచి వెనక్కి కొడుతుంది. ఇంజను పైమూత అయిన రాకర్ కవరు మూల నుంచో, ముందు మూత అయిన టైమింగ్ కవరు నుంచో ఊరిన ఆయిలు బ్లాకు పక్కన పాకుతూ, సంపు అంచు పట్టుకుని వెళ్లి, క్లచ్ హౌసింగు అడుగున చుక్కై వేలాడుతుంది. చుక్క రాలే చోటుకూ ఆయిలు పుట్టే చోటుకూ మధ్య ఒక్కోసారి ఇంజను పొడవంత దూరం ఉంటుంది.

అందుకే ఎవరు ఎంత తొందరపెట్టినా ముందు కడగాలి. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మీద ఏ పరీక్షా పనికిరాదు. ఇంజను పూర్తిగా చల్లారాక డీజిలు, గట్టి బ్రష్షు, తర్వాత సబ్బు నీళ్లు. డిస్ట్రిబ్యూటరుకు, కార్బురేటరుకు ప్లాస్టిక్ సంచులు కట్టాలి. సర్వీసింగ్ కొట్లలో వాడే నీటి గన్ను దగ్గర నుంచి కొట్టనివ్వకూడదు. డిస్ట్రిబ్యూటరు లోపలికి తడి చేరిందంటే ఆ రోజుకు బండి కదలదు.

ఆరిన తర్వాత అనుమానమున్న అతుకుల మీద ఇంట్లో వాడే టాల్కం పౌడరు చల్లి, ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపి చూస్తాను. పొడి ముందుగా ఎక్కడ తడిసి నల్లబడిందో అదే ఆయిలు పుట్టిన చోటు. ఇంజను పక్కనుండే ట్యాపెట్ మూతల దగ్గర, రాకర్ కవరు చుట్టూ ఇది చక్కగా పనిచేసింది. ఇంజను ముందుభాగంలో మాత్రం ఫ్యాను గాలికి పొడి నిలవదు, అక్కడ చల్లడం దండగ.

అలాంటి చోట్ల ఆయిలులో కలిపే ఫ్లోరసెంట్ రంగు, యూవీ టార్చి నాకు బాగా ఉపయోగపడ్డాయి. ఆయిలు కొత్తగా మార్చినప్పుడే రంగు కలపాలి, నల్లబడిన పాత ఆయిలులో మెరుపు సరిగా తెలియదు. చీకటి పడ్డాక బండి కిందికి వెళ్లి టార్చి వేస్తే కారుతున్న దారి పసుపుపచ్చగా మెరుస్తుంది. దీనివల్ల నాకు తేలిన పెద్ద సంగతి మరొకటి ఉంది. క్లచ్ హౌసింగు నుంచి రాలే చుక్క గేర్‌బాక్సు ముందు భాగం నుంచి కూడా రావచ్చు. రంగు ఇంజను ఆయిలులోనే ఉంది కాబట్టి, చుక్క మెరవకపోతే నేరం గేర్‌బాక్సుది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా గేర్‌బాక్సు దించనివ్వకండి. లోపం కూడా చెప్పాలి: మరమ్మతయ్యాక ఆ రంగును పూర్తిగా కడిగేయకపోతే తర్వాత వెతికేటప్పుడు పాత మరకే మళ్లీ మెరిసి దారి తప్పిస్తుంది.

చోటు తెలిశాక కూడా నేను వెంటనే స్పానరు పట్టను. ఆయిలు ఏ బలంతో బయటికి వస్తోందో చూస్తాను. పంపు ఒత్తిడితో చిమ్మే చోట్లు కొన్ని, లోపల చిందిన ఆయిలు ఊరే చోట్లు కొన్ని. ఈ రెండింటినీ మించి ఇబ్బంది పెట్టేది క్రాంకు కేసులో పోగయ్యే గాలి. పిస్టన్ రింగులు దాటి కిందికి వచ్చిన వాయువు బయటికి పోవడానికి ఈ ఇంజనులో దారులున్నాయి: రాకర్ కవరు నుంచి ఎయిర్ క్లీనరుకు ఒక గొట్టం, పక్కనున్న ట్యాపెట్ మూత నుంచి కిందికి వేలాడే ఒక పైపు. ఈ పైపులో జిడ్డు గట్టిపడి మూసుకుపోతే, వెయిటు దగ్గర మూసుకుపోయిన ప్రెషర్ కుక్కరు అంచు నుంచి ఆవిరి చిమ్మినట్టు, ఇంజను తన అతుకులన్నిటి నుంచీ ఆయిలు కక్కుతుంది. అప్పుడు ఒక గ్యాస్కెట్ మారిస్తే దాని పక్కది కారడం మొదలవుతుంది. నెలకో చోట కొత్త మరక కనిపిస్తోందంటే నేను ముందు చూసేది ఈ పైపునే.

పరీక్ష సులువు. ఇంజను ఐడిలింగులో ఉండగా ఆయిలు పోసే మూత తీసి, రంధ్రం మీద పలచని ప్లాస్టిక్ కాగితం పెట్టాలి. కాస్త అదిరితే ఫరవాలేదు. ఎగిరిపోతూ, వెంట నీలిపొగ వస్తుంటే, పైపులు శుభ్రంగానే ఉంటే, రింగులు అరిగినట్టే. సిలిండరులో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీ పెట్టి చూడాలి. తక్కువ వచ్చిన సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూస్తే అంకె పెరిగిందా, రింగులు. పెరగలేదా, వాల్వులు. రింగులు పోయిన ఇంజనుకు బయట గ్యాస్కెట్లు మార్చడం డబ్బును డ్రైనేజీలో పోయడమే.

ఇక ఒక్కో చోటి సంగతి. ఒత్తిడితో కారేవాటిని ఒక్కరోజు కూడా ఉపేక్షించకూడదు. సంపులో పట్టేది సుమారు 4 లీటర్లు, హైవే మీద అది ఖాళీ కావడానికి ఎక్కువసేపు పట్టదు. నా బండిలో గిన్నె లోపల ఎలిమెంటు పెట్టే పాత రకం ఫిల్టరు. గిన్నె అంచు కూర్చునే గాడిలో ఒక రింగు ఉంటుంది. ఫిల్టరు మార్చిన ప్రతిసారీ కొత్త రింగు వేస్తారు, కానీ పాతది గాడిలో గట్టిపడి లోహంలాగే కనిపిస్తుంది కాబట్టి దాన్ని తీయకుండా దానిమీదే కొత్తది కూర్చోబెడతారు. మొదటి రోజు బాగానే ఉంటుంది, వేడెక్కాక చిమ్ముతుంది. సన్నటి సూదితో గాడంతా గీకి చూడమని పట్టుబట్టాక ఆ చోట మళ్లీ కారలేదు. డ్రెయిన్ ప్లగ్గు కింద ఉండే రాగి వాషరు కొత్తది దొరక్కపోతే, పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పనికొస్తుంది. ఇది పాత మేస్త్రీల పద్ధతి, నిక్కంగా పనిచేస్తుంది.

రాకర్ కవరు గ్యాస్కెట్ మార్చడం ఎవరికైనా చేతనయ్యే పని. పైన రెండే నట్లు. కారుతోందని వాటిని బిగించేకొద్దీ రేకు కవరు వంగి, అంచు మధ్యలో లేస్తుంది. అద్దం మీద పెట్టి చూసి, వంకర ఉంటే చెక్క సుత్తితో సరిచేసి, కొత్త కార్కు గ్యాస్కెట్ వేసి, నట్ల కింది రబ్బరు బుష్‌లు కూడా మార్చి, మితంగా బిగిస్తే చాలాకాలం నిలిచింది. ముప్పుతిప్పలు పెట్టేవి పక్కనుండే రెండు ట్యాపెట్ మూతలు. ఎగ్జాస్టు మానిఫోల్డు వెనక దాక్కుని ఉంటాయి, కార్బురేటరు, మానిఫోల్డు విప్పితే గాని చేయి పట్టదు. అందుకే మెకానిక్కులు వాటి ఊసెత్తరు. బండిలో కూర్చున్నప్పుడు మాడిన ఆయిలు వాసన వస్తోందంటే నా మొదటి అనుమానం వీటి మీదే. ఒక్కో మూతకు మధ్యలో ఒకే బోల్టు, దాన్ని అతిగా బిగిస్తే మూత గుంటపడి అంచులు లేస్తాయి. ఎగ్జాస్టు వేడి మీద ఆయిలు పడటం మంటకు కూడా కారణం కావచ్చు కాబట్టి, పని కష్టమైనా చేయించాల్సిందే.

గ్యాస్కెట్ల నాణ్యత గురించి చెబుతానన్నాను. కొట్టులో ఏళ్ల తరబడి వేలాడిన సెట్టులోని కార్కు ఎండి, కుదించుకుపోయి, బోల్టు రంధ్రాలకు అందదు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెడితే తిరిగి సాగుతుంది. వేలితో వంచినప్పుడు విరిగే కార్కును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోను. రబ్బరు కలిసిన కార్కు దొరికితే అదే మేలు, ధర కాస్త ఎక్కువైనా వేడికి అంత త్వరగా గట్టిపడలేదు.

టైమింగ్ కవరులో మాత్రం రబ్బరు సీలు ఉంది. కొత్త సీలు వేసినా కొద్దిరోజులకే కారితే, ఆ సీలులో తిరిగే క్రాంకు పుల్లీ మెడను చూడాలి. పాత సీలు పెదవి రాసుకుని అక్కడ సన్నటి గాడి పడి ఉంటుంది, గోరు పెడితే తెలుస్తుంది. సీలును కాస్త ముందుకో వెనక్కో జరిపి, నున్నటి చోట ఆనేలా కూర్చోబెడితే ఖర్చు లేకుండా తీరింది. కవరు బోల్టులు బిగించే ముందే పుల్లీని దూర్చి కవరును మధ్యకు తేవాలి, లేదంటే సీలు ఒకపక్కే ఒరుసుకుంటుంది.

సంపుకు పక్కల గ్యాస్కెట్ ముక్కలు, ముందూ వెనకా బేరింగు క్యాపుల కింద కార్కు పట్టీలు. కారుడు సాధారణంగా ఇవి కలిసే మూలల్లోనే. సిలికాన్ పేస్టు వాడదగిన చోటు అదొక్కటే, అదీ గింజంత. కొందరు సంపు చుట్టూ దట్టంగా పూస్తారు. బయటికి పొంగినది కనిపిస్తుంది, లోపలికి పొంగినది ముక్కలై ఆయిలు పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. చుక్క ఆపబోయి బేరింగులు పోగొట్టుకోవడం అంటే ఇదే. బిగించేముందు రేకు అంచులో బోల్టు రంధ్రాల చుట్టూ లేచిన ఉబ్బులను సుత్తితో చదును చేయాలి. నేను చూసిన షెడ్లలో ఈ పని చేసేవాళ్లు తక్కువ.

కారుడు ఆపుతుందని అమ్మే సీసా మందు కూడా వాడి చూశాను. అది రబ్బరును కాస్త ఉబ్బించి మెత్తబరుస్తుంది. టైమింగ్ కవరు సీలు దగ్గర కొన్నాళ్లు తగ్గినట్టు కనిపించింది. కార్కు మీద ప్రభావం లేదు. వెనక రబ్బరే లేదు, ఇక దేన్ని ఉబ్బిస్తుంది? నా లెక్కలో ఆ డబ్బుతో రెండు మంచి గ్యాస్కెట్లు వస్తాయి. చిక్కటి ఆయిలు విషయంలో అంత కఠినంగా ఉండను: వేసవిలో 20డబ్ల్యూ-50 పోస్తే వెనక చుక్కలు తగ్గిన మాట నిజం. అంతకన్నా చిక్కటిది పోసి పొద్దున్నే స్టార్టరును హింసించడం వద్దు.

వెనక గాడిని కోసి రబ్బరు సీలు పట్టేలా మార్చి ఇస్తామని లేతు పనివాళ్లు చెబుతుంటారు. బేరింగులు అరిగి షాఫ్టు ఊగుతుంటే ఆ సీలు కూడా నిలవదు, బేరింగులు బాగుంటే దాని అవసరమే అంతగా ఉండదు. అందుకని నేను దాని జోలికి పోలేదు. పైన చెప్పినవన్నీ చేయించాక నా బండి కింద మిగిలింది పొద్దున కనిపించే చిన్న మరక. దానికొక పాత ట్రే, అందులో రంపపు పొట్టు. వారం వారం డిప్‌స్టిక్కు చూస్తాను, గీత పెద్దగా దిగదు. ఇంజను వెనక ప్లేటు గ్యాస్కెట్ ఒక్కటి మిగిలి ఉంది. దానికి గేర్‌బాక్సు, క్లచ్, ఫ్లైవీలు అన్నీ దించాలి. క్లచ్ ప్లేటు ఇంకా బాగానే పట్టుకుంటోంది, అది మార్చే రోజున రెండూ కలిపి చేయిద్దామని గ్యాస్కెట్ మాత్రం ముందే కొని పెట్టాను.