ఎంఎక్స్-5, బాక్స్‌టర్, ఎలీస్: తుప్పు లెక్కలో చూస్తే పాతది ఏది కొనడం మేలు?

"పాత స్పోర్ట్స్ కారు తీసుకుందామనుకుంటున్నా, మాజ్దా ఎంఎక్స్-5 మేలా పోర్షే బాక్స్‌టర్ మేలా" అని ఈమధ్య వరసపెట్టి అడుగుతున్నారు. అడిగేవాళ్లు ఇంజన్ గురించి, గేర్‌బాక్స్ గురించి బాగా చదువుకునే వస్తున్నారు, బాడీ దగ్గరికొచ్చేసరికి మాత్రం "పెయింట్ నిగనిగలాడుతోందండీ" అని తేల్చేస్తున్నారు. నాకు అక్కడే భయం వేస్తుంది. ఇంజన్ పాడైతే దించి బాగు చేయించుకోవచ్చు, లేదంటే ఇంకోటి వేయించుకోవచ్చు, అదే సిల్స్ (తలుపుల కింద పొడుగ్గా ఉండే రేకు పెట్టెలు), ఛాసిస్ రెయిల్స్ (కారు అడుగున బరువు మోసే దూలాలు) తుప్పు తినేస్తే ఇక ఆ కారులో మిగిలేదేం లేదు. నేనూ ఈమధ్యే నెలల తరబడి తిరిగి ఐదు ఎంఎక్స్-5లు, రెండు బాక్స్‌టర్లు, ఒక లోటస్ ఎలీస్ కింద పడుకుని చూసి ఒకటి కొనుక్కున్నా కాబట్టి, చూసింది చూసినట్టు రాస్తున్నా.

ఏ కారుకి త్వరగా తుప్పు పడుతుంది అన్నదానికంటే, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, అక్కడికి మన కన్ను వెళ్తుందా లేదా అన్నదే నా లెక్కలో అసలు విషయం. పైకి కనపడే తుప్పుతో పెద్ద ఇబ్బంది లేదు, గీకి ప్రైమర్ కొట్టి రంగు వేస్తే తీరిపోతుంది. మూసేసిన రేకు పెట్టె లోపల మొదలై బయటికొచ్చే తుప్పే ముంచుతుంది, అది పెయింట్ మీద చిన్న పొక్కులా కనపడేసరికి వెనకాల రేకు అప్పటికే జల్లెడైపోయి ఉంటుంది.

ముందు ఎంఎక్స్-5. 1989లో వచ్చిన మొదటి తరం ఎన్‌ఏ అయినా, 1998లో వచ్చిన రెండో తరం ఎన్‌బీ అయినా ఈ విషయంలో జబ్బు ఒకటే. మడిచే గుడ్డ టాప్ మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనకాల రెండు పక్కలా ఉన్న డ్రెయిన్ గొట్టాల్లోంచి దిగి, వెనక చక్రాలకి కాస్త ముందు కిందికి పోవాలి. ఆకులు, మట్టి చేరి ఆ గొట్టం మూసుకుపోయిందనుకోండి, నీళ్లు పొంగి సిల్‌లోకి దిగుతాయి, సిల్ అడుగున ఉండే చిన్న చిల్లులు కూడా బురదతో పూడుకుపోయుంటే ఇక రోజుల తరబడి అక్కడే ఉంటాయి. అందుకే ఈ కార్లలో సిల్ వెనక చివర, వెనక చక్రం పైన వంపు తిరిగిన రేకుతో, అంటే ఆర్చ్‌తో కలిసే చోటే ముందు పోతుంది. చాలామంది ఆ మూలని పుట్టీతో నింపి రంగు కొట్టి అమ్మేస్తారు, పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఆ మూల మీద పెట్టి చూస్తే అంటుకోకుండా జారిపోతుంది.

కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక నీళ్ల సీసా పట్టుకెళ్లండి. టాప్ సగం మడిచి డ్రెయిన్ నోట్లో మెల్లగా నీళ్లు పోస్తూ, వెంట వచ్చినవాళ్లని కింద చూడమనండి. పోసినవి పోసినట్టు కింద ధారగా రావాలి. ఒక పక్క వచ్చి ఇంకో పక్క రాలేదంటే ఆ రాని పక్క సిల్‌ని వదలకండి, రబ్బరు బిరడా ఏదైనా తీసి ఫోన్‌కి తగిలించే సన్న కెమెరా లోపలికి దూర్చి చూడండి. నేను చూసిన ఐదింటిలో మూడింటికి ఒక పక్క చుక్క కూడా రాలేదు, ఆ మూడు కార్ల పెయింటూ అద్దంలా ఉంది.

ఎన్‌బీకి దీనికి తోడు ఇంకో గొడవ ఉంది, ముందు ఛాసిస్ రెయిల్స్. ఇంజన్‌కి రెండు పక్కలా ముందుకి సాగే పెట్టెల్లాంటివి. గట్టిగా ఉండాలని ఎన్‌ఏ కంటే అదనంగా రేకు పొర పెట్టారు, ఆ పొరల మధ్య చెమ్మ చేరితే ఆరదు, లోపల్నుంచే తినేస్తుంది. గుద్దుకున్నప్పుడు దెబ్బని కాచుకునేది ఆ రెయిల్సే కాబట్టి ఇది అందం సంగతి కాదు, ప్రాణం సంగతి. లిఫ్ట్ ఎక్కించి, కింద ప్లాస్టిక్ కవరు విప్పించి, స్క్రూడ్రైవర్ వెనక వైపుతో తట్టుకుంటూ వెళ్లండి, ఖంగుమని మోగే చోటికి, డొల్లగా చప్పుడయ్యే చోటికి తేడా మీకే తెలుస్తుంది. అమ్మే ముందు కొత్తగా నల్లటి అండర్‌సీల్ దట్టంగా కొట్టించిన కారుకి మాత్రం నేను దణ్ణం పెట్టి వచ్చేస్తా, కింద ఏముందో చూడనివ్వని పూత అది. పారదర్శకంగా ఉండే మైనం పూత అయితే నాకు ఇష్టమే, అది కొట్టించినవాళ్లు కారుని చూసుకున్నవాళ్లు. 2005 తర్వాత వచ్చిన మూడో తరం ఎన్‌సీలో రెయిల్స్ గొడవ అంతగా వినపడదు, వెనక ఆర్చ్‌లు మాత్రం చూసుకోవాల్సిందే.

ఇప్పుడు బాక్స్‌టర్, 1996 నుంచి 2004 దాకా వచ్చిన మొదటి తరం, కంపెనీ కోడ్ 986. దీని రేకుకి రెండు వైపులా జింకు పూత ఉంటుంది, పోర్షే 911కి 1970ల మధ్య నుంచే ఈ అలవాటు మొదలుపెట్టింది. జింకు ఇనుము కంటే ముందు తాను కరుగుతుంది, చిన్న గీత పడి రేకు బయటపడినా చుట్టూ ఉన్న జింకు కాసేపు దాన్ని కాచుకుంటుంది. తేడా ఎంతంటే, బాక్స్‌టర్‌కి కూడా టాప్ డ్రెయిన్లు ఉన్నాయి, అవీ అచ్చం అలాగే ఆకులతో మూసుకుపోతాయి, కానీ ఇక్కడ నీళ్లు కార్పెట్ కిందకి చేరి సీటు కింద ఉండే ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకుంటే ఇంజన్‌ని స్టార్ట్ కానివ్వని ఎలక్ట్రానిక్స్) పెట్టెని తడిపేస్తాయి. కారు స్టార్ట్ అవదు, ఖర్చు గట్టిగానే తగులుతుంది, నిజమే. కానీ ఆ పెట్టె మార్చేస్తే కారు మళ్లీ కారే. అదే తప్పుకి ఎంఎక్స్-5 తన ఎముకలు పోగొట్టుకుంటుంది. నా మనసు ఇటు మొగ్గింది ఈ ఒక్క పోలిక వల్లే.

అలాగని కళ్లు మూసుకుని బాక్స్‌టర్ కొనేయమని కాదు. వెల్డింగ్ చేసిన చోట జింకు కాలిపోతుంది, యాక్సిడెంట్ అయ్యి సరిగ్గా బాగు చేయని బాక్స్‌టర్ ఆ అతుకు దగ్గర మామూలు రేకులాగే తుప్పు పడుతుంది. అందుకని దీనికి సీసా కంటే పెయింట్ మందం కొలిచే గేజ్ ముఖ్యం. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, 300 దాటితే మళ్లీ రంగు వేసి ఉండొచ్చు, వెయ్యి దాటితే కింద పుట్టీ ఉందనే అనుకోండి. ఒక్క అంకె చూసి ఊరుకోకుండా ఎడమ పక్కదీ కుడి పక్కదీ పోల్చండి. ఇవి కాక బ్రేక్ పైపులు, ముఖ్యంగా ఇంజన్ పైనుంచి వెనక్కి వెళ్లేవి, తుప్పు పడతాయి, మార్చడం పెద్ద పని. ముందు బంపర్ నోట్లో ఆకులు పేరుకుని రేడియేటర్లు, ఏసీ కండెన్సర్లు కుళ్లిపోతాయి, టార్చ్ వేస్తే కనపడుతుంది. ఇంజన్ లోపలుండే ఐఎంఎస్ బేరింగ్ పాడవడం తుప్పు సంగతి కాదు కాబట్టి, అది ఇక్కడ ఎత్తను.

ఎలీస్ బాడీ ఫైబర్, ఛాసిస్ జిగురుతో అతికిన అల్యూమినియం, బరువు 68 కిలోలే, కాబట్టి తుప్పు మాటే ఉండదనుకుంటారు. అయితే వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక భాగాల్ని మోసే చట్రం), సస్పెన్షన్ చేతులు ఉక్కువి, ఉక్కూ అల్యూమినియం కలిసే చోట తడి ఉంటే అల్యూమినియం తెల్లటి పొడిలా రాలుతుంది. ఆ ఛాసిస్ దెబ్బతింటే వెల్డింగ్ పనికిరాదు, వేడికి జిగురు బలం పోతుంది. కింద కవర్లన్నీ విప్పి చూపిస్తామంటేనే ఆలోచించండి.

మిగతావి క్లుప్తంగా: హోండా ఎస్2000కి వెనక ఆర్చ్‌లు, సస్పెన్షన్ రబ్బరు బుష్‌లలో పట్టేసిన అలైన్‌మెంట్ బోల్టులు. 1999 తర్వాతి టొయోటా ఎంఆర్2కి వెనక సబ్‌ఫ్రేమ్. మాజ్దా ఆర్ఎక్స్-8కి సిల్స్, ఆర్చ్‌లు.

నేను కొన్నది బాక్స్‌టరే, గేజ్ ఎక్కడా 160 దాటలేదు, డ్రెయిన్లు నేనే శుభ్రం చేసుకున్నా, బ్రేక్ పైపులు మాత్రం ఈ ఏడాది మార్పించాలి. కానీ ఒక పక్క ఎండిన రెయిల్స్, ధారగా పారే డ్రెయిన్లు ఉన్న ఎన్‌బీ, ఇంకో పక్క ఫెండర్ మీద రెండు వేల మైక్రాన్లు చూపించే బాక్స్‌టర్ ఉంటే నేనైనా ఎన్‌బీయే తీసుకునేవాణ్ణి.