కెపెల్, హౌ: ఇద్దరు ప్రభువులు, రెండు దారులు

పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ నౌకాదళ సేనానులు ఆగస్టస్ కెపెల్, రిచర్డ్ హౌ ఇద్దరూ ప్రభు కుటుంబాల బిడ్డలే. 1740లో నౌకాదళాధికారి ఆన్సన్ నడిపిన నౌకాయాత్రకు ఇద్దరూ కుర్రాళ్లుగా బయల్దేరారు. కెపెల్ భూగోళమంతా చుట్టి వచ్చాడు. హౌ ఎక్కిన ఓడ దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దగ్గర వెనుదిరిగింది. తర్వాత ఇద్దరూ పార్లమెంటు సభ్యులై, నౌకాదళ మంత్రులూ అయ్యారు.

అసలు తేడా అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బయటపడింది. అమెరికన్ల మీద యుద్ధానికి వెళ్లనని కెపెల్ తేల్చి చెప్పాడు. హౌ మాత్రం సేనాధిపత్యంతోపాటు రాజీ చర్చల అధికారమూ తీసుకుని వెళ్లాడు. 1776 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గరి స్టేటన్ ఐలాండ్‌లో అమెరికన్ నాయకుడు ఫ్రాంక్లిన్ బృందంతో మాట్లాడాడు. ఫలితం దక్కలేదు, అయినా ఆ ప్రయత్నం గౌరవించదగ్గదే.

కెపెల్‌కు రాజకీయం మెడకు చుట్టుకుంది. 1778లో ఫ్రాన్స్ తీరాన ఉషాంట్ దగ్గర ఫ్రెంచి నౌకాదళంతో జరిగిన పోరు ఎటూ తేలకపోవడంతో, కింది అధికారి పాలిసర్ ఆరోపణలపై సైనిక విచారణ ఎదుర్కొన్నాడు. పాలిసర్ ప్రభుత్వ పక్షం, కెపెల్ ప్రతిపక్షం. 1779లో నిర్దోషిగా తేలితే లండన్ జనం సంబరాలు చేసుకున్నారు.

ఇద్దరిలో ఎవరు మెరుగంటే, నా ఓటు హౌకే. 1794లో ఫ్రెంచివారిపై గెలిచినందుకు మాత్రమే కాదు. 1797లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన నౌకాదళ లంగరు స్థలమైన స్పిట్‌హెడ్‌లో నావికులు జీతాల కోసం తిరగబడితే, డెబ్బై దాటిన ఆ పెద్దాయన ఓడ ఓడకూ వెళ్లి వాళ్లతో మాట్లాడాడు. వాళ్లు ఆయన మాట నమ్మారు.