చందా చిరునామా బదులు బిట్‌కాయిన్ లింకు: చాలా ఏళ్లు వాడాక నా అభిప్రాయం

సైట్లో చందాల కోసం బిట్‌కాయిన్ చిరునామా పెట్టుకునేవాళ్లలో ఎక్కువమంది దాన్ని ఉత్త అక్షరాల వరుసగానే పెడతారు. పక్కన ఒక క్యూఆర్ బొమ్మ, అంతే. చూసేవాళ్లకి అదేంటో అర్థమవుతుంది. బ్రౌజరుకి మాత్రం అది పేజీలో మిగతా అక్షరాల్లాంటిదే. అది డబ్బు పంపాల్సిన చోటని, ఫలానా పని కోసమని, ఇంత పంపమంటున్నారని యంత్రానికి చెప్పే సమాచారం అక్కడ ఏమీ ఉండదు.

నేనుండేది జర్మనీలో. సబ్‌టైటిళ్ల టైమింగ్ సరిచేసే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉచితంగా ఇస్తుంటాను. దానికి చాలా ఏళ్లుగా బిట్‌కాయిన్‌లో చందాలు తీసుకుంటున్నాను, అందుకు బిప్ 21 అనే లింకు పద్ధతి వాడుతున్నాను (బిప్ అంటే బిట్‌కాయిన్‌కి మెరుగులు ప్రతిపాదించే పత్రం). ఈ మధ్యలో వచ్చినవీ పోయినవీ ఇంకా చాలా పద్ధతులు పెట్టి చూశాను. వాటన్నిట్లో అన్నిటికంటే సాదాది, ఎవరి సర్వరు మీదా ఆధారపడనిదే ఇవాళ్టికీ పనిచేస్తోంది. సొంత సైటు ఉన్నవాళ్లకి నేను మొట్టమొదట చెప్పేది దీని గురించే.

బిప్ 21 పత్రం 2012 జనవరి నాటిది. యూపీఐ వాడేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మన ఊళ్లో కొట్టు ముందు ఉండే క్యూఆర్‌ని విప్పి చూస్తే లోపల ఒక లింకే ఉంటుంది. 'యూపీఐ' అనే మాటతో మొదలై, డబ్బు ఎవరికో 'పీఏ' దగ్గర, పేరు 'పీఎన్' దగ్గర, మొత్తం 'ఏఎం' దగ్గర రాసి ఉంటాయి. బిట్‌కాయిన్ లింకుదీ అదే కట్టు. 'బిట్‌కాయిన్' అనే మాట, కోలన్, వెంటనే చిరునామా, తర్వాత ప్రశ్నార్థకం, దాని వెనక అమౌంట్, లేబుల్, మెసేజ్. యూపీఐ వచ్చింది 2016లో, అంటే ఈ లింకు పద్ధతి దానికంటే నాలుగేళ్లు పెద్దది.

రోజువారీ వాడకంలో నాకు కనిపించిన పెద్ద లాభం, కాపీ పేస్టు అవసరం పోవడం. కంప్యూటర్లో దూరి, మీరు కాపీ చేసిన బిట్‌కాయిన్ చిరునామాని పేస్టు చేసేలోగా దొంగ చిరునామాతో మార్చేసే వైరస్‌లు చాలా కాలంగా ఉన్నాయి. టైపింగ్‌లో తప్పు పోతే చిరునామాలోని చెక్‌సమ్ (తప్పులు పట్టడానికి కలిపిన అక్షరాలు) పట్టేస్తుంది. కొత్త రకం బెక్32 చిరునామాల్లో నాలుగు అక్షరాల దాకా తప్పు పోయినా కచ్చితంగా దొరికిపోతుంది. కానీ దొంగ పెట్టిన చిరునామా కూడా సరైన చిరునామాయే కదా, దాన్ని ఏ చెక్‌సమ్మూ ఆపలేదు. లింకు నొక్కితే క్లిప్‌బోర్డు ప్రమేయమే ఉండదు. చిరునామా బ్రౌజరు నుంచి నేరుగా వాలెట్‌కి, అంటే బిట్‌కాయిన్ పంపే యాప్‌కి, వెళ్తుంది.

అమౌంట్ దగ్గర జాగ్రత్త కావాలి. విలువ బిట్‌కాయిన్లలోనే రాయాలి, దాని అతిచిన్న భాగాలైన సతోషీల్లో కాదు. 0.001 అని రాస్తే లక్ష సతోషీలు. కామా ఎక్కడా ఉండకూడదు, దశాంశానికి చుక్కే వాడాలి. మనకిది పెద్ద విషయంగా అనిపించదు గానీ, జర్మనీలో దశాంశానికి కామా రాస్తారు. సైటు తయారుచేసే ప్రోగ్రాముకి భాష జర్మన్ అని పెడితే అంకెల్ని అదే కామాతో అచ్చేస్తుంది. అలాంటి లింకుని ఒక వాలెట్ చెల్లదని తోసేసింది. ఇంకో వాలెట్ చిరునామా తీసుకుని మొత్తాన్ని ఖాళీగా వదిలేసింది. అందుకే నా టెంప్లేట్లో అమౌంట్‌ని అంకెగా కాక, మార్చడానికి వీల్లేని అక్షరాల వరుసగా పెట్టుకున్నాను. ఇక్కడి మిత్రులకీ అదే చెబుతుంటాను.

తెలుగులో లేబుల్ పెట్టేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. లింకులో తెలుగు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు వెళ్లవు, పర్సెంట్ గుర్తులతో మార్చి రాయాలి. 'గ్రంథాలయం' అన్న మాట తీసుకోండి. మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో వత్తు, సున్నాలు, దీర్ఘం విడివిడిగా కలుపుకుంటే తొమ్మిది. ఒక్కోటీ మూడు బైట్లు, ఒక్కో బైటుకీ లింకులో మూడు అక్షరాలు. ఒక్క మాటకే 81 అక్షరాలు పోతాయి. మామూలు బెక్32 చిరునామా ఉండేదే 42! అంటే చిరునామా కంటే లేబుల్ రెండింతలు అవుతుంది. నొక్కే లింకుకి దీనితో ఇబ్బందేమీ లేదు. క్యూఆర్‌కి మాత్రం గళ్లు మరీ సన్నబడిపోయి, పాత ఫోన్లు పట్టుకోవడానికి అవస్థ పడతాయి. పేజీలోని లింకులో లేబుల్ తెలుగులో నిండుగా రాసుకోండి, క్యూఆర్‌లో రెండు మూడు ఇంగ్లిష్ అక్షరాలతో సరిపెట్టండి.

క్యూఆర్ సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. క్యూఆర్‌లో పెద్దక్షరాలకీ అంకెలకీ తక్కువ చోటు సరిపోయే పద్ధతి ఒకటుంది. బెక్32 చిరునామాని మొత్తం పెద్దక్షరాల్లో రాసినా చెల్లుతుంది గనక, లింకంతా పెద్దక్షరాల్లో పెడితే బొమ్మ పలచబడి దూరం నుంచే స్కానవుతుంది. కోలన్ ఆ పద్ధతిలోకి వస్తుంది, ప్రశ్నార్థకం రాదు. అందుకని అమౌంట్, లేబుల్ కలపగానే ఆ వెసులుబాటు చాలావరకు పోతుంది. అచ్చు వేయించే స్టిక్కర్ల మీద నేను పెట్టేది ఉత్త చిరునామా లింకే, అదీ పెద్దక్షరాల్లో.

బిప్ 21 పత్రంలో నాకు బాగా నచ్చింది 'రెక్' అనే చిన్న ఏర్పాటు. తర్వాత ఎవరైనా కొత్త అంశం కలపాలనుకుంటే మామూలుగా కలపొచ్చు, తెలియని వాలెట్లు దాన్ని వదిలేసి మిగతాది చదువుకుంటాయి. ఆ అంశం తప్పనిసరి అయితే పేరు ముందు 'రెక్' అని, ఒక గీత పెట్టాలి. అప్పుడు అది తెలియని వాలెట్ ఆ లింకునే చెల్లనట్టు చూడాలి. ఇంత చిన్న నియమం ఉండబట్టే 2012 నాటి లింకులో తర్వాతెప్పుడో వచ్చిన లైట్నింగ్ (బిట్‌కాయిన్ మీద నడిచే వేగవంతమైన చెల్లింపు పద్ధతి) కూడా ఇమిడిపోయింది. లింకు చివర లైట్నింగ్ అనే అంశం కలిపితే, అది తెలిసిన వాలెట్ క్షణాల్లో చవకగా చెల్లిస్తుంది. తెలియనిది మామూలు చిరునామాకే పంపుతుంది. చందా ఇచ్చేవాళ్లకి ఈ గొడవేదీ తెలియాల్సిన పనే లేదు.

ఇక్కడో చిక్కుంది. లైట్నింగ్ ఇన్‌వాయిస్, అంటే డబ్బు అడిగే బిల్లు, ఒక్కసారి వాడుకోవడానికే, గడువు ప్రత్యేకంగా రాయకపోతే గంట. మార్పులేని పేజీలో దాన్ని పెట్టడం కుదరదు. అందుకే లైట్నింగ్ అడ్రస్ వచ్చింది. చూడ్డానికి ఈమెయిల్‌లా ఉంటుంది. వాలెట్ ఆ డొమైన్‌లో ఒక నిర్ణీత చోటికి వెళ్లి అడిగితే, కనీసం ఎంత, గరిష్ఠంగా ఎంత, ఇన్‌వాయిస్ ఎక్కడ అడగాలి అన్నవి జేసన్‌లో (యంత్రాలు చదివే ఒక రాత పద్ధతి) జవాబుగా వస్తాయి. మొత్తాలు సతోషీలో వెయ్యో వంతుల్లో ఉంటాయి, సున్నాలు లెక్కపెట్టుకోవాలి. వాడటానికి హాయిగానే ఉంటుంది. ఇబ్బందల్లా సర్వరుతోనే, అది పడుకుంటే చందా కూడా ఆగిపోతుంది. ఆ టెన్షన్ పడలేక చాలామంది వేరే కంపెనీ ఇచ్చే అడ్రస్ వాడుకుంటారు. అప్పుడు డబ్బు ఆ కంపెనీ చేతిలో ఉన్నట్టు. చిన్న మొత్తాలకైతే ఫర్వాలేదు.

ఎథీరియం అనే ఇంకో క్రిప్టో నెట్‌వర్కు వైపు మాత్రం నాకు సంతృప్తి లేదు. అక్కడ ఈఐపీ 681 అని 2017లో రాసిన లింకు పద్ధతి ఉంది. దాని సొంత నాణెం ఈథర్ ఒక్కటే పంపడానికి బానే ఉంటుంది. డాలరు విలువతో ఉండే యూఎస్‌డీసీ లాంటి టోకెన్ల దగ్గరికి వచ్చేసరికి, లింకులో ముందు వచ్చే చిరునామా మీది కాదు, ఆ టోకెన్ కాంట్రాక్టుది (టోకెన్‌ని నడిపే ప్రోగ్రాముది). మీ చిరునామా ప్రశ్నార్థకం తర్వాత ఎక్కడో వెనక ఉంటుంది. ఈ పద్ధతిని సగం మాత్రమే నేర్చుకున్న వాలెట్ ముందున్నదే గమ్యం అనుకుని కాంట్రాక్టుకే డబ్బు పంపడానికి సిద్ధమవుతుంది. అలా వెళ్లిన డబ్బు మామూలుగా తిరిగి రాదు. పరీక్ష కోసం తెరిచిన ఒక వాలెట్లో ఇది కళ్లారా చూశాను. పంపే బటన్ నొక్కకముందు స్క్రీన్ మీద ఉన్న చిరునామా నాది కాదు. దానికి తోడు ఒకే చిరునామా ఎన్నో నెట్‌వర్కుల్లో చెల్లుతుంది. లింకులో నెట్‌వర్కు నంబరు లేకపోతే, వాలెట్ ఆ క్షణాన ఏ నెట్‌వర్కులో ఉంటే అదే తీసుకుంటుంది. టోకెన్ లింకుని ఆ రోజే తీసేశాను. ఎవరో ప్రేమతో పంపిన డబ్బు గాల్లో కలిసిపోవడం కంటే, ఆ దారే లేకపోవడం నయం.

పోయినవాటి గురించి కొంచెం. బిప్ 70 అని 2013లో ఒకటొచ్చింది. వ్యాపారి సర్వరు నుంచి సంతకం చేసిన బిల్లు వాలెట్‌కి వస్తుంది, పేరు ధృవీకరణ సర్టిఫికెట్‌తో కనిపిస్తుంది. ఆలోచన గొప్పది. కానీ సర్టిఫికెట్లు సరిచూడాలి కాబట్టి, వాలెట్ రాసేవాళ్లు బ్రౌజరు మోసే బరువంతా మోయాల్సి వచ్చింది. 2014లో ఆ పనికి వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌ కోడ్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ఆ బరువు ఎంత ప్రమాదమో తెలిసింది. బిట్‌కాయిన్ అసలు సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్‌లో, 2020లో వచ్చిన 0.20 నాటికి ఆ కోడ్ మొత్తం తీసేశారు. వెబ్ మానిటైజేషన్ అని ఇంకొకటి. పేజీ తల భాగంలో ఒక ట్యాగు పెడితే, చదివేవాళ్ల నుంచి చిల్లర చిల్లరగా డబ్బు వస్తుంది. దాన్ని ముందుండి నడిపిన కాయిల్ సంస్థ 2023 మార్చిలో మూతపడింది. ట్యాగు నా పేజీలో ఇంకా ఉంది, ప్రమాణం కూడా బతికే ఉంది, రాక మాత్రం ఆగింది. ఒకరి సర్వరు మీద నిలబడేదానికీ, ఉత్త అక్షరాలతో నిలబడేదానికీ తేడా నాకు అక్కడే తెలిసింది.

సెర్చి ఇంజన్లు చదివే స్కీమా డాట్ ఆర్గ్‌లో 'కరెన్సీస్ యాక్సెప్టెడ్' అనే చోట బీటీసీ (బిట్‌కాయిన్‌కి పొట్టి పేరు) అని రాయొచ్చు, 'పేమెంట్ యాక్సెప్టెడ్' దగ్గర క్రిప్టోకరెన్సీ అని రాయొచ్చు. రెండూ పెట్టాను. ఇక్కడ తీసుకుంటారన్న కబురు యంత్రానికి అందుతుంది, ఎక్కడికి పంపాలన్నది అందదు. అదనంగా పేజీ తలలో సంబంధం 'పేమెంట్' అని చెప్పే లింకు ట్యాగు ఒకటి ఉంచాను. ఫీడుల్లో దాన్ని పట్టుకునే పాడ్‌కాస్ట్ యాప్‌లు ఉన్నాయి. మన దేశం నుంచి షేర్ బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024లో మొదలుపెట్టిన ఫ్లాస్ ఫండ్ (ఓపెన్ సోర్స్‌కి డబ్బిచ్చే నిధి) వాళ్లు 'ఫండింగ్ డాట్ జేసన్' అని ఒక ఫైలు పద్ధతి తెచ్చారు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి ఎంత కావాలి, ఏ దారిలో పంపొచ్చు అన్నవి యంత్రం చదివేలా అందులో రాయొచ్చు. ఆ ఫైలు ఫలానా సైటు వాళ్లదే అని రుజువు కూడా అడుగుతుంది. బిట్‌కాయిన్‌ని నేను అందులో 'ఇతర' రకం కింద రాసుకున్నాను.

లింకు నొక్కాక జరిగేదే అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఆండ్రాయిడ్‌లో రెండు వాలెట్లుంటే ఏది కావాలో అడుగుతుంది. ఐఫోన్లో ఏది తెరుచుకుంటుందో మన చేతిలో ఉండదు. కంప్యూటర్లో వాలెట్ లేకపోతే నొక్కినా చలనం ఉండదు. కోడ్ దాచుకునే ఒక పేరున్న చోట, పరిచయం పేజీలో ఈ లింకు పెడితే దాన్ని ఊడగొట్టి ఉత్త అక్షరాలు మిగులుస్తుంది, అక్కడ మామూలు వెబ్ లింకులకే అనుమతి. అందుకే లింకు పక్కన చిరునామాని నాలుగేసి అక్షరాలుగా విడదీసి చూపించడం, కింద క్యూఆర్ పెట్టడం ఎప్పటికీ మానను. విడదీయడానికి స్పేసులు వాడకండి, కాపీ చేస్తే అవీ వచ్చేస్తాయి. సీఎస్ఎస్‌తో (పేజీ రూపం చెప్పే కోడ్) ఎడం ఇవ్వండి.

ఒకే చిరునామా ఏళ్ల తరబడి పేజీలో ఉంటే, ఏ చిరునామా నుంచి ఎప్పుడు ఎంత వచ్చిందో ప్రపంచమంతా చూడొచ్చు. చందాదారుల తరఫున నన్ను బాధపెట్టే విషయం ఇదే. దీనికి ఇప్పుడు దారి దొరికింది. 2024లో వచ్చిన బిప్ 353 ప్రకారం, ఇదే బిట్‌కాయిన్ లింకుని డొమైన్ డీఎన్ఎస్‌లో (సైటు పేరు ఏ సర్వరుదో చెప్పే పట్టిక) ఒక టెక్స్ట్ రికార్డుగా పెట్టొచ్చు. దానికి డీఎన్ఎస్‌సెక్ అనే డిజిటల్ సంతకం తప్పనిసరి కాబట్టి మధ్యలో ఎవరూ మార్చలేరు. వెబ్ సర్వరు హ్యాకై పేజీలో చిరునామా మారినా, డీఎన్ఎస్‌లో ఉన్నది చెక్కుచెదరదు. ఆ రికార్డులో మామూలు చిరునామాతో పాటు సైలెంట్ పేమెంట్స్ చిరునామా కూడా రాశాను. పంపిన ప్రతిసారీ అది బ్లాక్‌చైన్ (అందరికీ కనిపించే లెక్కల పుస్తకం) మీద వేరే చిరునామాగా మారుతుంది, బయటివాళ్లకి లంకె దొరకదు. దాన్ని చదవగలిగే వాలెట్లు ఇప్పటికి కొన్నే, మిగతావి పాత చిరునామాతో సర్దుకుంటాయి.

ఇండియాలో ఉండి ఇది మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందు ఆడిటర్‌ని కలవండి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై నుంచి బదిలీల మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. చందాగా వచ్చినదాన్ని ఎలా చూపించాలో ఆయనే చెప్పాలి.

వాలెట్లు రాసే తెలుగువాళ్లకి ఒక్క మనవి. లింకులో వచ్చిన లేబుల్‌ని చాలా వాలెట్లు డబ్బు పంపేశాక చరిత్రలో చూపిస్తాయి, పంపేముందు చూపించవు. 'సబ్‌టైటిల్ ప్రోగ్రాముకి చందా' అన్న మాట నిర్ధారించే స్క్రీన్ మీదే, మొత్తం పక్కనే, తెలుగు వత్తులు విరిగిపోకుండా కనిపించేలా చేయండి. ఆ పేరు ఎవరైనా రాసుకోవచ్చు కాబట్టి, ఇది లింకులో రాసి ఉన్న పేరు మాత్రమే, ధృవీకరించింది కాదు అని కింద ఒక లైను పెట్టండి.