స్నానం నీళ్లతో ఫ్లష్: ఎనిమిది నెలలు వాడి చూశాక

వరసగా రెండేళ్లు వానలు సరిగా పడక, కుళాయి రోజు విడిచి రోజు వచ్చే పరిస్థితి వచ్చాక మా ఇంట్లో ఈ యంత్రం పెట్టించాం. స్నానాల గదిలోంచీ వాషింగ్ మెషిన్‌లోంచీ వచ్చే నీళ్లు పట్టి, వడకట్టి, ఫ్లష్ ట్యాంకుకీ మొక్కలకీ పంపుతుంది. లోపల ఒక జాలి, చిన్న తొట్టి, ఇసుక ఫిల్టరు, క్రిముల్ని చంపే అల్ట్రావయొలెట్ దీపం, మోటారు ఉంటాయి. వంటింటి సింకు నీళ్లు ఇందులో కలపలేదు. ఆ జిడ్డుకి ఫిల్టరు రెండు రోజుల్లో మూసుకుపోతుంది.

కొనేముందు ఒక వారం లెక్క రాసుకున్నాను. షవర్ కింద బకెట్ పెట్టి చూస్తే నిమిషానికి 8 లీటర్లు వచ్చాయి. మనిషికి అయిదు నిమిషాలు అనుకున్నా నలుగురికి 160 లీటర్లు. మా ఫ్లష్ ఒక్కసారికి 6 లీటర్లు, రోజుకి ఇరవైసార్లు నొక్కితే 120. అంటే పొద్దున మేం పోసుకున్న నీళ్లే రోజంతా ఫ్లష్‌కి సరిపోయి, ఇంకా మొక్కలకి మిగలాలి. ఆ కాగితం చూసుకున్నాక, ఇన్నేళ్లూ తాగే నీళ్లని అలా నొక్కి పారబోశామే అన్న బాధ నన్ను వదల్లేదు.

మా మామగారు మాత్రం ఒప్పుకోలేదు. "స్నానం చేసిన నీళ్లు మళ్లీ ఇంట్లోకి ఎందుకమ్మా?" అన్నారు. "మామయ్యగారూ, నమీబియాలో విండ్‌హూక్ అనే ఊళ్లో 1968 నుంచి మురుగునీటిని శుద్ధిచేసి తాగునీళ్లలోనే కలుపుతున్నారండీ. మనం ఫ్లష్‌కే కదా వాడేది" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, వాసన వస్తే మాత్రం తీయించేయాలన్నారు. న్యాయమైన షరతే.

వాసన వచ్చింది కూడా. రెండో నెలలో మూడు రోజులు ఊరెళ్లాం. తిరిగొచ్చి ఫ్లష్ నొక్కేసరికి కుళ్లిన గుడ్ల కంపు. సబ్బు, చర్మపు జిడ్డు ఉన్న నీళ్లు నిలవ ఉంటే అందులో ప్రాణవాయువు అయిపోతుంది. అది లేకుండా బతికే సూక్ష్మజీవులు పెరిగి కంపు పుడుతుంది. ఈ నీళ్లని 24 గంటలకి మించి ఉంచకూడదని యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో ఉంది, కానీ గడువు దాటితే తొట్టి దానంతటదే ఖాళీ అయ్యే ఏర్పాటు మేం కొన్న దాంట్లో లేదు. ఇది చిన్న లోపం కాదు. ఇప్పుడు బయటికెళ్లే ప్రతిసారీ వాల్వు డ్రైనేజీ వైపు తిప్పి, తొట్టి ఖాళీ చేసి వెళ్తున్నాను. బ్లీచింగ్‌తో బాత్‌రూమ్ కడిగే రోజు కూడా వాల్వు అటే తిప్పాలి.

జాలి సంగతి చెప్పాలి. బట్టల నూగు, వెంట్రుకలు చేరి మూడు రోజులకోసారి దాన్ని తీసి కడగాల్సి వస్తోంది. పెట్టిన చోటేమో యంత్రం వెనక, గోడకి ఆనుకుని. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి వంచి లాగాలి. మామగారి వయసువాళ్లకి అది అయ్యే పని కాదు. కడగకుండా వదిలేస్తే నీళ్లు మసకబారతాయి. మసక నీళ్లలో ఆ దీపం వెలుగు క్రిములదాకా చేరదు, దీపం ఉండీ లేనట్టే.

మొక్కల విషయంలో తప్పు నాది. మామూలు డిటర్జెంట్ పొడే వాడుతూ ఉండిపోయాను. నెలన్నరకి మందారం ఆకుల అంచులు మాడాయి. పొడుల్లో సోడియం ఉప్పు ఎక్కువ, అది మట్టిలో పేరుకుంటుంది. ద్రవరూపంలో ఉన్న, మొక్కలకి ఎక్కువైతే పడని బోరాన్ లేని సబ్బుకి మారి, రెండుసార్లు మంచినీళ్లు బాగా పారించాక కొత్త చిగుళ్లు వచ్చాయి. ఈ నీళ్లు చిమ్మకుండా మొక్క మొదలు దగ్గర, ఎండుటాకుల కిందకి వదులుతున్నాను. పచ్చిగా తినే ఆకుకూరలకి అసలు పొయ్యను.

బిగించేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. తొట్టి ఖాళీ అయితే కుళాయి నీళ్లతో నింపడానికి ఒక పైపు ఉంటుంది. ప్లంబరు దాని మూతిని తొట్టి నీళ్లలో ముంచేశాడు. కుళాయిలో ప్రెషర్ పడిపోతే వాడిన నీళ్లు ఆ పైపులోంచి మంచినీళ్లలోకి వెనక్కి వెళ్లిపోతాయి. అప్పటికప్పుడే కోయించి, మూతి నీటిమట్టానికి పైన ఉండేట్టు పెట్టించాను. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఇలాంటి నీళ్ల పైపులకి ఊదా రంగు వాడతారు. నేనూ అదే రంగు వేయించాను, రేపు ఇంకెవరో వచ్చి పొరపాటున కుళాయికి కలపకుండా.

ఇంతకీ మిగిలిందా అంటే, మిగిలింది. రోజుకి 540 లీటర్ల దగ్గర తిరిగే మా మీటరు ఇప్పుడు 430 దాటడం లేదు. కుళాయి రాని రోజు కూడా ఫ్లష్‌కి వెతుక్కోవడం లేదు. ఎండలు ముదిరినప్పుడు ఆ నిశ్చింత ఎంత పెద్దదో నాకు తెలుసు. అయిదుకి నాలుగు మార్కులిస్తాను.

కొనేవాళ్లు జాలి, దీపం విడిగా దొరుకుతాయో లేదో ముందే అడగండి. నా జాలి చిరిగినప్పుడు కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ పాత నూలు చీర ముక్క నాలుగు మడతలేసి కట్టి నడిపాను, రోజూ ఉతుక్కుంటూ.