పంచాయతీ ట్యాంకుకు బ్లీచింగ్ పౌడరా, హైపోక్లోరైట్ ద్రావణమా?

తాగునీటిని శుద్ధి చేసి ఇవ్వడం గ్రామ పంచాయతీ బాధ్యత. బ్లీచింగ్ పౌడర్, హైపోక్లోరైట్ ద్రావణం రెండూ నీటిలోని క్రిములను చంపే క్లోరిన్‌ను ఇచ్చేవే: ఒకటి పొడి, రెండోది ద్రవం. కొనుగోలు తీర్మానం రాసేముందు లెక్క చూడాలి. 60,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 120 గ్రాముల క్లోరిన్ కావాలి. 25 శాతం క్లోరిన్ బలమున్న పౌడర్ అయితే 480 గ్రాములు, 10 శాతం బలమున్న ద్రావణమైతే సుమారు 1.2 లీటర్లు.

పౌడర్ చవక, దొరకడమూ తేలిక. చిక్కంతా నిల్వలోనే. మూతి విప్పిన బస్తాకు తేమ తగిలితే క్లోరిన్ ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. తూకం సరిపోయినా క్రిములు చావవు. పొడిని నేరుగా ట్యాంకులో కుమ్మరించడం పెద్ద తప్పు. ప్లాస్టిక్ బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పావుగంట తేరనిచ్చి పైతేటనే పోయాలి. లేదంటే మడ్డి అడుగున పేరుకుని వాల్వులు పట్టేస్తాయి.

ద్రావణానికి మడ్డి ఉండదు, డోసింగ్ పంపుతో (మోతాదు ప్రకారం కొద్దికొద్దిగా వదిలే చిన్న పంపు) సమంగా పడుతుంది. కానీ ఎండకు త్వరగా బలం తగ్గుతుంది. నీడలో, నల్లటి క్యాన్లలో ఉంచి, నెలకు సరిపడానే కొనాలి. కరెంటు పోతే డోసింగ్ ఆగిపోతుంది, అది ఎవరూ గమనించరు.

రోజూ తూచి కలిపే మనిషి ఉన్న చిన్న ఊరికి పౌడరే మేలు. నీటి మోటారు నడిచేంతసేపూ నీరు వదిలే పెద్ద పంచాయతీకి ద్రావణం తీసుకోండి.

ఏది వాడినా క్లోరిన్ కలిశాక నీరు కొళాయికి చేరేలోగా అరగంట గడవాలి. పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, చివరి వీధి కొళాయి దగ్గర చేయాలి: అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మిగలకపోతే పగుళ్లలోంచి మురుగు చేరి క్లోరిన్‌ను తినేస్తుందేమో, మోతాదు పెంచేముందు మురుగు కాలువ దాటే పైపులను తవ్వి చూడండి.