ఇనుప బారు, కరాటే: యాభై దాటాక నా సమీక్ష

ముందే తీర్పు చెప్పేస్తాను. బరువులు, కరాటే రెండూ స్కూలు రోజుల్లో మొదలుపెట్టి, యాభై దాటినా వదలకుండా చేస్తున్నదాన్ని. రెండింటిలో ఒక్కటే ఉంచుకోమంటే బరువులే ఉంచుకుంటాను. కరాటేను వయసుకు తగ్గట్టు మార్చుకుంటూ వస్తే అదీ దక్కుతుంది. నలభై దాటిన ఆడవాళ్లు "ఇప్పుడు మొదలుపెట్టవచ్చా అక్కా?" అని తరచూ అడుగుతుంటారు. అందుకే ఇన్నేళ్ల వాడకంలో ఏది నిలిచిందో, ఏది వదిలేయాల్సి వచ్చిందో రాస్తున్నాను.

మా విజయనగరం వైపు ఆడపిల్ల బరువులెత్తడం వింత కాదు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరు పడింది. అక్కడి అమ్మాయి మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం దక్కింది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో (ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు చోటు దొరికిందే ఆ ఏడాది. అంతకు చాలా ముందే వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు ఈ ప్రాంతంలో బలానికి మారుపేరయింది. పోటీల గడప తొక్కని నాలాంటి వాళ్లకు కూడా వీళ్లందరి వల్ల ఎంతో మేలు జరిగింది. ఆడపిల్లకు ఇనుము ఎందుకని ఎవరైనా అంటే ఇంట్లో వాళ్లే జవాబు చెప్పేవారు.

ఇక బారు, అంటే రెండు చివరలా బరువు ప్లేట్లు ఎక్కించే ఇనుప కడ్డీ సంగతి. జిమ్‌లో అడుగుపెట్టగానే అందరూ ప్లేట్లు చూస్తారు, నేను బారు చూస్తాను. పోటీల్లో మగవాళ్ల బారు బరువు 20 కిలోలు, పట్టుకునే చోట మందం 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్లది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది కానీ, చిన్న చేతికి ఆ తేడా చాలా పెద్దది. బొటనవేలిని బారుకు ఆనించి, దాని మీద మిగతా వేళ్లు మూసి పట్టే పట్టు లావు బారు మీద నాకు ఎన్నడూ సరిగా కుదరలేదు. బరువు పెరిగేకొద్దీ వేళ్లు జారేవి. ఆడవాళ్ల బారు సొంతంగా కొనుక్కున్నాక నడుము, కాళ్లు ఎత్తగలిగినంత బరువును చేతులు కూడా పట్టి ఉంచుతున్నాయి.

కొనేటప్పుడు ప్లేట్లు ఎక్కించే రెండు చివరలనూ వేలితో తిప్పి చూడండి. ఆగకుండా తిరగాలి. బారును భుజాల మీదికి తెచ్చుకునే క్షణంలో మణికట్టు గబుక్కున తిరుగుతుంది. చివరలు బిగుసుకుపోయి ఉంటే ప్లేట్లు కూడా బారుతో పాటు తిరగాల్సి వస్తుంది, ఆ మెలికంతా మణికట్టు, మోచేయి భరించాలి. ఇరవై ఏళ్ల వయసులో అది తెలియదు. నలభై అయిదు దాటాక ఆ రాత్రే తెలుస్తుంది.

సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో బారుకు అసలు శత్రువు తుప్పు. వానాకాలంలో బారు మీద పట్టు కోసం ఉండే గరుకు గీతల మధ్య ఎర్రటి పొడి చేరుతుంది. గట్టి నైలాన్ బ్రష్‌తో గీతల వెంట రుద్ది, గుడ్డకు కుట్టుమిషను నూనె రెండు చుక్కలు అద్ది తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచేస్తే చాలు. కొబ్బరినూనె మాత్రం రాయకండి. జిడ్డు పేరుకుని దుమ్మును పట్టేస్తుంది.

మధ్య వయసులో ఈ ఇనుము ఏం చేసి పెట్టిందో చెప్పాలి, ఎందుకంటే అసలు విలువ అక్కడే ఉంది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గి, మొదటి కొన్నేళ్లలో ఎముకలు వేగంగా పలచబడతాయి. నడక గుండెకు మంచిదే కానీ, వెన్నెముకకు కావలసినంత భారం దానివల్ల పడదు. ఆస్ట్రేలియాలో లిఫ్ట్‌మోర్ అనే అధ్యయనం జరిగింది. ఎముకల సాంద్రత తగ్గిన, నెలసరి ఆగిన మహిళల చేత ఎనిమిది నెలల పాటు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పట్టుకుని నిటారుగా లేవడం), స్క్వాట్ (భుజాల మీద బారుతో కిందికి కూర్చుని లేవడం), తలపైకి బరువెత్తడం చేయించారు. అన్నీ బరువైనవే, శిక్షకుల కళ్లెదుటే. వాళ్ల నడుము దగ్గర ఎముక సాంద్రత పెరిగింది. ఆ వయసు ఆడవాళ్లకు అర కిలో గులాబీ రంగు డంబెల్స్ చేతికిచ్చి చాలనే జిమ్‌లను చూస్తే నాకు కోపం వస్తుంది. నిండు గ్యాస్ సిలిండరే దాదాపు ముప్పై కిలోలు ఉంటుంది. దాన్ని వంటింటి గడప దాటించే మనిషికి అర కిలో ఏ మూలకు?

మారింది ఒక్కటే, కోలుకునే వేగం. కండ త్వరగానే తేరుకుంటుంది, దాన్ని ఎముకకు కలిపే స్నాయువులు, అంటే టెండన్లు, ఆలస్యం చేస్తాయి. అందుకే బరువైన రోజులు వారానికి రెండే పెట్టుకున్నాను. స్నాచ్ మానేశాను, స్క్వాట్ మానలేదు.

కరాటే విషయానికొస్తే, నేను నేర్చుకున్నది అందులో షోటోకాన్ అనే శైలి. ఎదురెదురుగా తలపడే కుమితే నలభై అయిదులో ఆపేశాను. బాగా ఆడేదాన్ని, ఇష్టం కూడా, అయినా దెబ్బ తిన్న వేలు మానడానికి పట్టే కాలం ఏటేటా పెరుగుతుంటే ఆ ఆట ఇక చాలనుకున్నాను. కతా, అంటే ఎదురుగా మనిషి లేకుండా ఒక్కరే వరుసగా చేసే కదలికలు మాత్రం వదల్లేదు. హెయాన్ అయిదూ, టెక్కి షోదాన్ అనే కతాలు ఇప్పటికీ వారం వారం చేస్తాను. షోటోకాన్ నిలుపులు లోతుగా ఉంటాయి, అంటే మోకాళ్లు బాగా వంచి నిలబడాలి. ముందు మోకాలు లోపలికి వాలకుండా పాదం వేళ్ల దిశలోనే వంగాలి, మలుపు తిరిగేటప్పుడు తుంటితో పాటు పాదమూ తిరగాలి. ఇప్పుడు కాస్త ఎత్తులోనే నిలబడతాను. గాలిలోకి తన్నేటప్పుడు మోకాలిని పూర్తిగా చాచి విదిలించను, ప్యాడ్ ఉంటేనే బలంగా తన్నుతాను.

బరువులు నేర్పనిది కరాటే నేర్పింది: ఒంటికాలి మీద నిలబడి దిశ మార్చడం. మా అమ్మ వయసు వాళ్లు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకోవడం చూస్తుంటాం. అలాంటి చోట పనికొచ్చేది ఈ నిలకడే. దీనికి తోడు కర్రసాము చేస్తాను. పొడవాటి కర్రను రెండు చేతుల్లో మార్చుకుంటూ తిప్పితే భుజాల బిగువు సడలుతుంది. బల్ల మీద పడుకుని బరువు పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌తో మొద్దుబారిన భుజాలకు ఇంతకంటే మంచి మందు నాకు దొరకలేదు.

తిండి గురించి రెండు ముక్కలు. మామూలు మనిషికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. బరువులెత్తే వాళ్లకు 1.2 నుంచి 1.6 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి 72 నుంచి 96 గ్రాములన్నమాట. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కాబట్టి అన్నం కుప్ప తగ్గించి చేప, పప్పు, పెరుగు పెంచక తప్పదు. ఉలవలు మన దగ్గర చవక, వందలో ఇరవై పైచిలుకు గ్రాములు ప్రొటీనే.

కొత్తగా వచ్చేవాళ్లు మొదటి నెల ఖాళీ బారుతోనే స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ నేర్చుకోండి. రక్తపోటు ఉన్నా, ఎముకలు పలచబడ్డాయని ఇదివరకే తెలిసినా ముందు డాక్టరును అడగండి. జిమ్ ఎంచుకునేటప్పుడు అద్దాలు, ఏసీ చూడకండి. యాభై దాటిన ఆడమనిషి అక్కడ స్క్వాట్ చేస్తుంటే శిక్షకుడు పక్కన నిలబడి చూస్తున్నాడా లేదా అన్నది చూసి చేరండి.